బకాసురుడికి పస్తు

సబ్బుల ఫ్యాక్టరీ షెడ్డు,
వానలు మొదలైన వారం

ప్రియమైన అత్తకి,

నీ మేనల్లుడు రాయునది. ఫోన్ చేస్తే ఎత్తనన్నావు. ఫోనులో ఇచ్చిన మాట గాలికి పోతుందని, కాగితం మీద ఇచ్చిన మాటే నిలుస్తుందని అన్నావు. సరే, నీ షరతు ప్రకారమే పెన్ను పట్టాను. సంతకాలకు తప్ప దీన్ని ముట్టి ఏళ్ళయింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నా కళ్ళజోడు తుడుచుకుని చదువు.

అత్తా, నీ నవల ‘కోత గది’ సినిమా అవుతోంది! నిన్ననే మొదటి షాట్ తీశాం. మూతబడ్డ సబ్బుల ఫ్యాక్టరీ ఒకటి దొరికింది. గోడలకి ఇంకా వాసన పోలేదు. పొద్దంతా చెమటోడ్చి కూడా సాయంత్రానికి అందరం అప్పుడే స్నానం చేసినట్టు ఘుమఘుమలాడుతూ ఇళ్ళకు పోతున్నాం. లోపల నువ్వు రాసినట్టే పొడవాటి బల్లలు, వాటి మీద కత్తెరలు, చివర పుస్తకాలు మింగే మిషన్. దాన్ని మా ఆర్ట్ డైరెక్టర్ కట్టాడు. చేతిలో ఎప్పుడూ రంపం ఉంటుంది కాబట్టి ఆయన అందరికీ రంపం మామ. ఆ మిషన్‌కి యూనిట్ వాళ్ళు బకాసురుడని పేరు పెట్టారు. నోట్లో ఏం పెట్టినా గరగరా నమిలి వెనకవైపు నుంచి పేలికలు వదులుతుంది.

నిర్మాతకి కథ ఎలా చెప్పానో తెలుసా? “జనాన్ని కలవరపెట్టే వాక్యాలన్నీ పుస్తకాల్లోంచి కత్తిరించే ఆఫీసు ఒకటుంటుందండీ. కత్తిరించగా కత్తిరించగా అచ్చు పుస్తకాలే మిగలవు. అప్పుడు జనం చేత్తో రాసి దాచుకున్నవి కూడా వరసలో నిలబడి తెచ్చి అప్పగిస్తారు. మన కథానాయిక అక్కడ కత్తెర గుమాస్తా. చివర్లో ఆఖరి పుస్తకాలు మిషన్‌లోకి పోతుంటే గదిలో ఒక్క మనిషి కూడా పేజీ వంక చూడడు. దీపాలు ఆరిపోతాయి. అంతే.” ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, “బాగుంది, కానీ అంతేనా?” అన్నాడు. ఒప్పుకున్నాడు కదా, అది చాలు.

చిన్నప్పుడు మీ అటకెక్కి ఈ నవల చదువుతూ పాలగ్లాసు ఒలకబోశాను, గుర్తుందా? కొత్త పుస్తకం పాడుచేశానని వీపు మీద రెండు వడ్డించావు. ఆ పాలమరక కాపీయే ఇప్పుడు నా స్క్రిప్టు. రోజూ నా చంకలోనే ఉంటుంది.

ఇంకో శుభవార్త. రంపం మామ పాత పుస్తకాలు తూకానికి రెండు వ్యాన్ల నిండా కొనుక్కొచ్చాడు. రేపటి నుంచి బకాసురుడికి విందే విందు.

నీ మేనల్లుడు
(డైరెక్టర్‌ని అయ్యాను. ఇంకా గడుగ్గాయ్ అనే పిలుస్తావా?)

*

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
ఉత్తరం అందిన పూటే

ఒరేయ్ గడుగ్గాయ్,

అనే పిలుస్తాను. ఇప్పుడు ఇంకా గట్టిగా పిలుస్తాను.

విందా? పుస్తకాలు చింపడం పాపం రా అని నేను నవల రాస్తే, ఆ సంగతి లోకానికి చెప్పడానికి నువ్వు రెండు వ్యాన్ల పుస్తకాలు చింపుతావా? కంచే చేను మేయడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ సామెతలోనే విన్నాను, ఇవాళ మన ఇంట్లోనే చూస్తున్నాను. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కూర్చుని రాసినవే కదరా అవన్నీ. చెత్త పుస్తకాలే కావచ్చు. చెత్త పుస్తకం రాయడానికి కూడా నడుం నొప్పి పుడుతుంది, నన్నడుగు.

అందుకని కాగితం మీద పెడుతున్నాను, దాచుకో. ఒకటి: నా సినిమా కోసం ఒక్క నిజమైన పుస్తకం కూడా చిరగకూడదు. రెండు: చివరి అధ్యాయంలో కామా కూడా మారకూడదు. ఆ గదిలో ఎవరూ పేజీ వంక చూడరు. ఈ రెండింటిలో ఏది తప్పినా నా అనుమతి వెనక్కి తీసుకుంటాను. మీ నాన్న వచ్చి బతిమాలినా వినను. వాడి మాట నేను చిన్నప్పుడే వినలేదు.

వానలో తడవకు. నీకు చిన్నప్పటి నుంచీ గొంతు పడుతుంది.

నీ మేనత్త

*

షెడ్డు,
ఆ మరుసటి వారం

అత్తా,

లెంపలేసుకున్నాను. వ్యాన్లు రెండూ వెనక్కి తిప్పించి, పుస్తకాలన్నీ ఇక్కడి గ్రంథాలయానికి ఇచ్చేశాం. అక్కడి ఆవిడ మొదట సంతోషించి, తరవాత అలమారాలు ఏవని మా మీదే కేకలేసింది. రంపం మామ ఇప్పుడు ఆవిడకి అలమారాలు చేస్తున్నాడు. అదీ నీ ఖాతాలోనే వేసుకో.

ఇప్పుడు నా కష్టం విను. తెల్లకాగితాలు కుట్టి ఉత్తుత్తి పుస్తకాలు చేశాం. దూరం నుంచి బాగానే ఉన్నాయి. కెమెరా దగ్గరికి వస్తే మాత్రం ఖాళీ పేజీలు పళ్ళికిలిస్తున్నాయి. చివర్లో వచ్చేవి చేతిరాత పుస్తకాలు కదా, అందుకని యూనిట్‌లో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఏదో ఒకటి రాయమన్నాను. నిచ్చెన ఎక్కినా దిగినా ఈల వేసే మా లైట్‌మన్ ఉన్నాడు, ఈలన్న అంటాం. అతను పేజీ నిండా తన పేరే రాసుకున్నాడు. కాస్ట్యూమ్స్ చూసే పిన్నులక్క నోట్లో అరడజను పిన్నులు పెట్టుకునే మాట్లాడుతుంది, ఒక్కటీ జారదు, ఒక్క మాటా అర్థం కాదు. ఆవిడ నడుము కొలతలు రాసింది, అవీ హీరోయిన్‌వి! హీరోయిన్ చూసి అలిగింది.

నీ దగ్గర పాత చిత్తు కాగితాలేవైనా ఉంటే పంపవా? నువ్వే రాసినవి, ఏ పుస్తకంలోనూ లేనివి. ఏదైనా పరవాలేదు. ఎవరూ చదవరు, ఒట్టు.

నీ మేనల్లుడు

*

మూడో అంతస్తు,
ఎండ కాసిన రోజు

ఒరేయ్,

ట్రంకు పెట్టె అడుగున ఏవో దొరికాయి. ముప్పై ఏళ్ళ కిందటి చిత్తు కాగితాలు. తాళాలు బాగుచేసే ఒకతని కథ. రోజూ పొద్దున్నే అతని కొట్టు తలుపు కిందుగా ఎవరో ఒక తాళంచెవి లోపలికి తోస్తుంటారు. ఊళ్ళో ఏ తాళానికీ అది పట్టదు. ఎందుకూ పనికిరాని సరుకు, కుట్టుకుని వాడుకో. నకలు లేదు, అక్కర్లేదు కూడా. ఏకంగా మిషన్‌లో పడెయ్, తిరిగి పంపకు.

ఎవరూ చదవరన్నావు చూడు, ఆ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్ళ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో కూర్చుని ‘కోత గది’ రాశాను. అచ్చయిన రోజున దాన్ని నిషేధిస్తారేమోనని భయపడి బట్టలు కూడా సర్దుకున్నాను రా. నిషేధించాలంటే ముందు ఎవరో ఒకరు చదవాలి కదా! అయిదువందల కాపీలు వేస్తే వాటిలో పంచిపెట్టినవి పోగా మిగిలినవన్నీ అటక మీదే ఉన్నాయి. ఒక్కదాని మీద మచ్చ లేదు. ఇప్పుడే పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు నిగనిగలాడుతుంటాయి.

అందుకే ఆ చివరి అధ్యాయం అలా ఉంటుంది. చూడరు రా జనం. నాకు తెలుసు.

పిన్నులావిడ గురించి ఇంకొంచెం రాయి. సరదాగా ఉంది.

నీ మేనత్త

*

షెడ్డు,
మధ్యాహ్నం భోజనాల వేళ

అత్తోయ్,

కొంప మునిగింది!

చివరి అధ్యాయం రిహార్సల్ మొదలుపెట్టాం. ముప్పై మంది జూనియర్ ఆర్టిస్టులు. చేయాల్సింది ఒకటే పని. పుస్తకం తీసుకోవాలి, కాగితాలు ఊడబీకాలి, బకాసురుడి నోట్లో వేయాలి. మొహంలో ఏ భావమూ ఉండకూడదు, పేజీ వంక చూడకూడదు. ఇంతకన్నా తేలికైన నటన లోకంలో ఉందా?

“యాక్షన్” అన్నాను. ముందు వరసలో ఒకావిడ ఉంది. భుజాన ఎప్పుడూ గుడ్డసంచీ ఉంటుంది, సంచీ పెద్దమ్మ అంటాం. కాగితం ఊడబీకింది, చెయ్యి మిషన్ దాకా వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. చూస్తే చదువుతోంది! “కట్. పెద్దమ్మా, చూడకూడదు కదా?” అన్నాను. “చూడలేదు బాబూ, కళ్ళబడింది” అంది. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి పక్కనున్న ఆయన ఆవిడ భుజం మీంచి తొంగిచూస్తున్నాడు. మూడోసారి వెనక వరస మొత్తం మెడలు సాచింది. అంతా అయ్యాక పెద్దమ్మ నా దగ్గరికొచ్చి, “ఆ తాళంచెవి ఏ తలుపుది బాబూ?” అని అడిగింది. నాకేం తెలుసు? పైనుంచి ఈలన్న, “మొదటి కట్ట ఎవరి దగ్గరుంది? నేను రెండో దాన్నుంచి మొదలెట్టాను” అని కేకేశాడు.

దయచేసి ఈసారి విసుగు పుట్టించేవి ఏవైనా పంపు. నీళ్ళ బిల్లుల నిబంధనలు లాంటివి.

ఇంకో మాట. మొన్న నువ్వు ఉత్తరం లేకుండా పంపిన రెండో విడత కాగితాల్లో ఒక దర్జీ ఆవిడ వస్తుంది. నోట్లో అరడజను పిన్నులు పెట్టుకుని మాట్లాడుతుంది. ఒక్కటీ జారదు. ముప్పై ఏళ్ళ కిందటే మా పిన్నులక్క నీ ట్రంకు పెట్టెలోకి ఎలా దూరిందత్తా? ఆవిడ ఆ పేజీ పట్టుకుని యూనిట్ అంతా తిరుగుతోంది.

నిర్మాత వచ్చి చూసి వెళ్ళాడు. ఏవో రెండు మాటలన్నాడు, పెద్ద విశేషమేం కాదు.

నీ మేనల్లుడు

*

మూడో అంతస్తు,
చెప్పను ఏ రోజో

ఒరేయ్ గడుగ్గాయ్,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడెందుకు తిరుగుతోంది? లోకంలో పిన్నులు నోట్లో పెట్టుకునే దర్జీ ఒక్కతేనా? కాకతాళీయం. నిచ్చెనెక్కి ఈల వేసే మనిషి కూడా ఎక్కడైనా తగిలితే అదీ కాకతాళీయమే. ముందే చెబుతున్నాను.

విసుగు పుట్టించేవి కావాలన్నావు కదా, మా మేడ సంఘం నియమావళి చేత్తో ఎత్తి రాసి పంపుతున్నాను. మెట్ల మీద చెప్పులు విడవరాదు, నీళ్ళ ట్యాంకు మూత తెరవరాదు. దాని మధ్యలో పొరపాటున తాళాల కథ కాగితాలు కూడా కొన్ని కలిసిపోయాయి. కొన్ని అంటే కొంచెం లావు కట్టే. ఏరే ఓపిక లేక అలాగే పంపుతున్నాను.

సంచీ పెద్దమ్మ ఏమని అడిగింది? ఉన్నదున్నట్టు రాయి. “ఏ తలుపుది” అందా, “ఎవరి తలుపుది” అందా? చదువుతున్నప్పుడు మొహం ఎలా పెట్టింది? ఎక్కడ ఆగింది? వెనక వరస వాళ్ళు ఎంతసేపు మెడలు సాచారు? ఊరికే అడుగుతున్నానులే. సాయంత్రాలు పొద్దుపోదు. ఈ మధ్య పోతోందనుకో.

నిర్మాత అన్న ఆ రెండు మాటలేమిటి?

నీ మేనత్త

*

మూడో అంతస్తు

గౌరవనీయులైన దర్శకుడు గారికి,

మీ నిర్మాత గారు పంపిన ఉత్తరము, దానితోపాటు ఒక పూలగుత్తి అందినవి. కథానాయిక సుత్తితో యంత్రమును పగులగొట్టు కొత్త ముగింపునకు నేను పెద్ద మనసుతో అంగీకరించినందుకు వారు కృతజ్ఞతలు తెలిపినారు. నేను అంగీకరించిన సంగతి వారి ఉత్తరము వలననే నాకు తెలిసినది.

ఒకరు రాసిన వాక్యమును కత్తిరించి, దాని స్థానమున జనులకు హాయిగా ఉండు వాక్యమును అతికించు ఆఫీసును గురించి నేను ఒక పుస్తకము రాసియుంటిని. మీరు దానిని చదివినారని అనుకొంటిని.

నా అనుమతిని వెనుకకు తీసుకొనుచున్నాను. చిత్రీకరణ ఆపివేయగలరు.

ఇట్లు,
రచయిత్రి

పూలు కింది అంతస్తు వారికి ఇచ్చితిని.

*

షెడ్డు,
బల్లల మధ్య నేల మీద కూర్చుని

అత్తా,

‘గారు’ అన్నావు. వీపు మీద ఇంకో నాలుగు వేసినా ఇంత నొప్పి ఉండేది కాదు.

షూటింగ్ ఆపేశాను. దీపాలన్నీ ఆర్పించి, ఒక్క దీపం కింద కూర్చుని ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, తరవాత నీ ఇష్టం.

మా నిర్మాత పెద్ద హార్డ్‌వేర్ వ్యాపారి. తాళాలు, గొళ్ళాలు, మేకులు, సుత్తులు అమ్ముతాడు. మంచివాడే. సినిమా చివర ఎవరో ఒకరు దేన్నో ఒకదాన్ని పగలగొట్టకపోతే జనం డబ్బులు వెనక్కి అడుగుతారని ఆయన భయం. సుత్తి ముగింపు కావాలన్నాడు. నేను గట్టిగా వద్దనలేక, “మా అత్తని అడుగుతాను” అన్నాను. ఆయనకి అది సరే అన్నట్టు వినిపించింది. అడిగితే నువ్వు సినిమానే ఆపేస్తావని నాకు భయం, అందుకే నీకు రాయకుండా రోజులు నెట్టాను. అటు చెప్పక ఇటు చెప్పక మధ్యలో నేను దొంగనయ్యాను. ఇది నా మొదటి సినిమా అత్తా, ఇది పోతే ఇంకోటి ఎవరూ ఇవ్వరు. అంత మాత్రాన నీ దగ్గర దాచాల్సింది కాదు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. కానీ నిన్న పొద్దున ఇక్కడ ఒకటి జరిగింది. అది నీకు చెప్పాలి.

సుత్తి సీను ఎలాగూ నాకు ఇష్టం లేదు కాబట్టి, ముందు నీ ముగింపు నువ్వు రాసినట్టే తీసేద్దామని కూర్చున్నాను. టేక్ మీద టేక్. ఒకసారి పెద్దమ్మ చదువుతుంది, ఒకసారి వెనక వరస గుసగుసలాడుతుంది. హీరోయిన్ సరిగ్గా చేస్తోంది కదా అనుకుంటే, ఆవిడ చేతిలో నియమావళి ఉంది, అందుకని! విసుగొచ్చి, “కట్, పది నిమిషాలు ఆగండి” అని బయటికి వెళ్ళి నిలబడ్డాను. కెమెరామన్ కెమెరా ఆపలేదు. ఎందుకంటే అతను అక్కడ లేడు, పెద్దమ్మ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

తిరిగి వచ్చి చూస్తే గదంతా నిశ్శబ్దం. బకాసురుడు మాత్రం ఖాళీ నోటితో గరగరమంటూ తిరుగుతున్నాడు. మేత పెట్టేవాళ్ళు లేరు. ముప్పై మందీ బూడిదరంగు యూనిఫారాల్లోనే నేల మీద, బల్లల మీద, ఒకరి వీపుకి ఒకరు ఆనుకుని కూర్చున్నారు. ఒకరు చదివిన కాగితం పక్కవాళ్ళకి అందిస్తున్నారు. నిచ్చెన చివరి మెట్టు మీద ఈలన్న కూర్చున్నాడు. మొదటిసారి అతను ఈల వేయకుండా ఉండడం చూశాను. మిషన్ మోటారు తిరిగి తిరిగి, బెల్టు వేడెక్కి, దానంతటదే ఆగిపోయింది. ఒక్కరూ తలెత్తలేదు.

కెమెరాలో అంతా పడింది అత్తా. ఎవరూ నటించలేదు. ఇది నీ ముగింపు కాదు, నిర్మాత ముగింపూ కాదు, నాదీ కాదు. దీన్ని వాడమని నువ్వంటే వాడతాను. వద్దంటే ఆ రీలు నీకే పంపేస్తాను, సినిమా మానేస్తాను. ఈసారి నిజంగా అడుగుతున్నాను.

ఒక సంగతి చెప్పి ఆపుతాను. తాళంచెవి ఏ తలుపుదని ఇక్కడ పందేలు నడుస్తున్నాయి. ఈలన్న జైలుదంటాడు. పిన్నులక్క నోట్లోంచి పిన్నులు తీసేసి మరీ బ్యాంకుదంది. సంచీ పెద్దమ్మ మాత్రం, “అందరి తలుపులూ తీసేవాడికి సొంత తలుపు గుర్తుంటుందా బాబూ? అది అతని కొట్టు వెనక గదిదే. తనే తాళం వేసుకుని తనే మరిచాడు” అంది.

క్షమించమని అడగడానికి మొహం చెల్లక,
నీ మేనల్లుడు

*

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
వాన వెలిశాక

ఒరేయ్ గడుగ్గాయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి నవ్వుతో. మూడోసారి సంగతి అడక్కు. కళ్ళజోడు తుడుచుకోవడానికి కొంగు సరిపోలేదు.

నా దగ్గర దాచావు చూడు, అందుకు నీ వీపు బాకీ అలాగే ఉంది, కలిసినప్పుడు ఇస్తాను. కానీ నేనూ ఏమంత సత్యవంతురాలినని? ట్రంకు పెట్టె లేదు, ముప్పై ఏళ్ళ నాటి కాగితాలూ లేవు. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం ఊరికే గీద్దామని కూర్చున్నాను. ‘కోత గది’ తరవాత మళ్ళీ పెన్ను పట్టలేదు నేను. ఎవరి కోసం పట్టాలి? ఎలాగూ మిషన్ నోట్లోకి పోయేవే కదా అన్న ధైర్యంతో రాశాను రా. ఎవరూ చదవరని నువ్వు ఒట్టు పెట్టావు కాబట్టి పెన్ను ఆగకుండా సాగింది. తరవాతేమో “ఏ తలుపుది బాబూ” అని ఆవిడ అడిగిందన్నావు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి వచ్చి రాశాను.

నా నవలలో ఆ గదిలో ఎవరూ పేజీ వంక చూడరు. ఆఫీసు వాళ్ళు కాదు రా, జనమే చూడరు. అంత కోపం నాకు వాళ్ళ మీద. ఇప్పుడు ముప్పై మందిని తీసుకొచ్చి, జీతమిచ్చి, చూడొద్దని నువ్వు పదేపదే అరిచినా చూశారే! ఇంక నా కోపం ఏ మొహం పెట్టుకుని నిలబడుతుంది? నేను నా ముగింపు మార్చలేదు, నీ నిర్మాతతో ఆ మాట గట్టిగా చెప్పు. వాళ్ళు మార్చారు. వాళ్ళకి ఆ హక్కుంది.

వాడుకో. కాగితం మీదే ఇస్తున్నాను మాట. ఒక్క కోరిక. మిషన్ ఖాళీగా తిరిగే ఆ చప్పుడు తగ్గించకు. దాని మీద సంగీతం పోయకు. ఆగిపోయేదాకా జనాన్ని విననీ.

తాళాల కథ చివరి అధ్యాయం దీంతో పెడుతున్నాను. ముగింపు ఏమిటో నాకే తెలియక ఇన్నాళ్ళూ సాగదీస్తున్నాను. పెద్దమ్మ చెప్పింది తప్పని ఆవిడతో చెప్పు. చదివాక ఆవిడే తెలుసుకుంటుంది. ముందే ఒప్పేసుకుంటే నా పరువేం కాను?

ఇప్పుడు అడగడానికి సిగ్గుగా ఉంది కానీ అడుగుతున్నాను. నకలు ఉంచుకోలేదు. పడెయ్ అని నేనే అన్నాను. ఆ మిషన్ తినగా మిగిలిన కాగితాలేమైనా ఉంటే, ఒకటో రెండో అయినా సరే, పంపు.

నీ మేనత్త

*

షెడ్డు,
ఆఖరి రోజు, సెట్టు విప్పుతున్న చప్పుళ్ళ మధ్య

అత్తా,

నీ ఉత్తరం చదివి షెడ్డంతా ఒక చుట్టు పరిగెత్తాను. నా పరుగు చూసి సినిమా ఆగిపోయిందనుకుని పిన్నులక్క ఏడ్చేసింది.

తరవాత మిషన్ గుర్తొచ్చింది. రిహార్సల్స్‌లో, టేకుల్లో ఎన్ని కట్టలు బకాసురుడి నోట్లో వేశామో లెక్కే లేదు. నేనూ రంపం మామా కలిసి మిషన్ వెనక ఉన్న పేలికల గుట్ట అంతా నేల మీద పరిచి వెతికాం. తెల్లకాగితం పేలికలు ఉన్నాయి. మేడ సంఘం నియమావళి పేలికలు ఉన్నాయి, చెప్పులు విడవరాదు అన్న ముక్క చక్కగా కనిపించింది. నీ తాళాల కథ ముక్క ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎలా వీలవుతుంది? నా కళ్ళతో వేయడం చూశాను.

అందరినీ పిలిచి నిలబెట్టాను. సెట్టు సామాను బయటికి పోతే జీతంలో కోత పడుతుందని రూలుంది, అందుకని ఎవరూ నోరు విప్పలేదు. “ఎవరినీ ఏమీ అనను, మా అత్త అడుగుతోంది” అన్నాను. మొదట పెద్దమ్మ ముందుకొచ్చి సంచీ బల్ల మీద బోర్లించింది. ఎవరు ఏ కట్ట దాచారో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కాగితం ఊడబీకడం, కింద తెల్లది పెట్టి మిషన్‌లో వేయడం, కథ ఉన్నది చొక్కాలోనో చీర మడతలోనో దోపుకోవడం. అదంతా నా కెమెరా ముందే జరిగింది, నాకు కనబడలేదు! ఈలన్న తన కట్టని పనిముట్ల పెట్టెలోంచి తీశాడు. పిన్నులక్క తనవాటికి గుండుసూదులు గుచ్చి ఉంచుకుంది. హీరోయిన్ మేకప్ డబ్బా అడుగున నాలుగు పేజీలున్నాయి.

వరసలో పెట్టి చూస్తే మధ్యలో ఒక అధ్యాయం లేదు. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం. అప్పుడు తలుపు దగ్గర దగ్గు వినిపించింది. నిర్మాత! చేతిసంచీ తెరిచి, కాగితాల కట్ట తీసి, ఎవరి వంకా చూడకుండా బల్ల మీద పెట్టాడు. “ఆ తాళం ఏ రకందో చూద్దామని తీసుకెళ్ళానండీ, వ్యాపారం మీద” అన్నాడు. తరవాత నీ చివరి అధ్యాయం ఆయనే గట్టిగా చదివాడు. తాళాలతను వెనక గది తలుపు తీసే చోట ఆయన కాగితం కిందపెట్టేస్తే పెద్దమ్మ అందుకుని పూర్తిచేసింది. అయ్యాక కాగితం మడిచి, “నేను చెప్పానా లేదా?” అంది. సుత్తి మాట ఇంక ఎవరూ ఎత్తలేదు.

మొత్తం అట్టపెట్టెలో పెట్టి పంపుతున్నాను. క్షమించు అత్తా, ఏ పేజీ శుభ్రంగా లేదు. ఈలన్నవి నూనె వేలిముద్రలు, హీరోయిన్‌ది లిప్‌స్టిక్, పిన్నులక్క సూది కన్నాలు. ఎవరిదో టీ కూడా ఒలికింది. నిర్మాత మార్జిన్‌లో పెన్సిల్‌తో తాళం బొమ్మ వేశాడు. నువ్వు ఊ అంటే అందరం కూర్చుని తెల్లకాగితాల మీద అందంగా ఎత్తి రాసి పంపుతామని పిన్నులక్క అంటోంది.

నీ మేనల్లుడు

*

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
పెట్టె అందిన రోజు సాయంత్రం

ఒరేయ్ గడుగ్గాయ్,

పెట్టె వచ్చింది. పొద్దున్నుంచీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. పొయ్యి కూడా వెలిగించలేదు.

కిందింటావిడ వచ్చి, “ఇదేమిటండీ, ఎవరు పాడుచేశారు?” అని అడిగింది. పాడుచేయలేదమ్మా, చదివారు అని చెప్పాను. నూనె వేలిముద్ర ఉన్న పేజీ దగ్గర ఆ ఈలేసే అబ్బాయి ఆగాడన్నమాట. సరిగ్గా నేను రాయలేక ఆగిన చోటే ఆగాడు. సూదికన్నాలు వేలితో తడిమి చూసుకున్నాను. టీ ఒలికిన పేజీలో ఏ వాక్యం దగ్గర ఎవరి చెయ్యి కదిలి ఒలికిందో నాకు తెలుసు, నేను ఒలకబోయించాలనే రాశాను.

మధ్యాహ్నం అటకెక్కి నా అయిదువందల కాపీల్లో ఒకటి దించాను. తెల్లగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. వీటి పక్కన పెట్టి చూస్తే దాని మీద జాలేసింది. ముప్పై ఏళ్ళ కిందట పాలగ్లాసు ఒలకబోసిన వెధవని వీపు మీద కొట్టాను కదూ. ఈసారి వచ్చినప్పుడు ఆ కాపీ తీసుకురా, ఒకసారి చూస్తాను. అప్పటి ఆ రెండు దెబ్బలూ నీ వీపు బాకీలోంచి తీసేస్తున్నాను, చెల్లుకు చెల్లు.

పిన్నులక్కకి నా మాటగా చెప్పు. ఎత్తి రాయొద్దు. ఒక్క మరక కూడా తుడవొద్దు.

నీ అత్త